ఊరు దొరికితేనే మనిషి దొరుకుతాడు: ఐరిష్ పూర్వీకుల్ని పాత కాగితాల్లో వెతకడం

మా ఆఫీసులో బోస్టన్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. డబ్లిన్‌లో దిగిన మొదటి వారమే లంచ్ టేబుల్ దగ్గర జేబులోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి చూపించాడు, వాళ్ల ముత్తాత తండ్రి డెత్ సర్టిఫికెట్ అంట. పేరు జేమ్స్ సల్లివన్ (పేరు మార్చా లెండి), తండ్రి పేరు జాన్ సల్లివన్, పుట్టింది ఐర్లాండ్. అంతే, ఇంకేం లేదు. దీంతో ఊరు కనిపెట్టేయొచ్చు కదా అని ఆశగా అడిగాడు. పక్కనే ఉన్న, ఐర్లాండ్‌లోనే కార్క్ నుంచి వచ్చిన అమ్మాయికి నవ్వు ఆగలేదు. మన దగ్గరికి ఎవరో వచ్చి మా తాత పేరు వెంకటేశ్వర్లు, వాళ్ల నాన్న సుబ్బారావు, ఊరు ఆంధ్రా, వెతికిపెట్టండి అంటే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది మరి.

అప్పట్నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా అతనితో కూర్చుని నేనూ ఈ పిచ్చిలో పడ్డా. తెలిసిందేంటంటే అందరూ పేరు పట్టుకుని వెతుకుతారు, ఇక్కడ మాత్రం పేరుతో ఏమీ తేలదు, ఊరు తెలియాలి. అదీ జిల్లా పేరు కాదు, పొలం గట్టు దాకా తెలియాలి.

ముందు ఒక అపోహ సంగతి చూద్దాం. ఐర్లాండ్ రికార్డులన్నీ 1922లో కాలిపోయాయంట కదా, ఇంక ఏం దొరుకుతాయి అంటారు చాలామంది. సగమే నిజం. ఐరిష్ సివిల్ వార్ (అంతర్యుద్ధం) మొదలైన మూడో రోజు, 1922 జూన్ 30న, డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనంలో పెద్ద పేలుడు జరిగింది. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని (ట్రీటీ) ఒప్పుకోని దళాలు ఏప్రిల్ నుంచి అందులోనే మకాం వేశాయి, ప్రభుత్వ సైన్యం బయటి నుంచి ఫిరంగులు పేల్చింది, ఆ ఆవరణలోనే ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ బూడిదైపోయింది. కొన్ని వందల ఏళ్ల కాగితాలు, కాలిన ముక్కలు ఊరి మీదంతా ఎగురుకుంటూ వెళ్లి పడ్డాయి. 1821, 1831, 1841, 1851 సెన్సస్‌లు పోయింది అందులోనే, కేవన్, డెర్రీ, యాంట్రిమ్ లాంటి చోట్లవి కొన్ని ముక్కలు మాత్రం మిగిలాయి.

మరి 1861, 1871 ఏమయ్యాయి? వాటిని ఎవరూ కాల్చలేదు, లెక్కలు తీసుకున్నాక ఇంక ఈ ఫారాలతో పనేంటి అని ప్రభుత్వమే చెత్తలో వేయించింది. 1881, 1891 సంగతి ఇంకా ఘోరం, మొదటి ప్రపంచ యుద్ధం టైంలో కాగితం కొరత వస్తే గుజ్జు చేసేశారు. అంటే నాలుగు సెన్సస్‌లు మంటల్లో పోతే నాలుగు గుమాస్తాల చేతుల్లో పోయాయి. నాకైతే రెండోదే ఎక్కువ మండుతుంది, యుద్ధంలో కాలిందంటే సరే అనుకోవచ్చు గానీ ఆర్డర్ మీద సంతకం పెట్టి మరీ పారేయడం ఏంటసలు.

అయితే ఆ బిల్డింగ్‌లో ఎప్పుడూ లేనివి చాలా ఉన్నాయి. కాథలిక్ చర్చి రిజిస్టర్లు అక్కడ లేవు, జనన మరణాల రిజిస్టర్లు అక్కడ లేవు, 1901, 1911 సెన్సస్‌లు మొత్తానికి మొత్తం భద్రంగా ఉన్నాయి. పోయినవాటిలో కూడా ఏవేవి ఉండేవో తెలుసు, ఎందుకంటే అక్కడి ఆఫీసర్ హెర్బర్ట్ వుడ్ 1919లోనే ఒక గైడ్ పుస్తకం వేయించాడు. దాన్ని చూసుకుంటూ వేరే దేశాల్లో, వేరే లైబ్రరీల్లో ఉన్న కాపీలు పోగేసి వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అని 2022 జూన్‌లో, సరిగ్గా వందేళ్లకి, ఆన్‌లైన్‌లో పెట్టారు. ఫ్రీ.

ఇప్పుడు 1901, 1911 సంగతి. ఇవి నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి, అసలు ఫారం ఫొటోతో సహా. ఇంటి యజమాని స్వయంగా నింపి సంతకం పెట్టిన కాగితం అది, రాయడం రానివాళ్లకి పోలీసే నింపి ఇచ్చేవాడు, ఎందుకంటే లెక్క రాసుకోడానికి ఇంటింటికీ తిరిగింది పోలీసులే. పేరు, వయసు, మతం, చదవడం రాయడం వచ్చా, ఐరిష్ భాష వచ్చా, ఏం పని చేస్తారు, అన్నీ ఉంటాయి. పోలీసు విడిగా ఇంకో ఫారంలో ఇంటి గోడలు దేనివి, పైకప్పు గడ్డిదా కాదా, గదులెన్ని, ముందువైపు కిటికీలెన్ని అని రాసుకునేవాడు. 1911లో అయితే పెళ్లయిన ఆడవాళ్లని పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని కూడా అడిగారు. పది, ఆరు అని పక్కపక్కన రెండు అంకెలు కనపడితే మనకి చప్పున గొంతులో ఏదో అడ్డం పడుతుంది, ఆ నలుగురి పేర్లు ఆ కాగితం మీద ఎక్కడా ఉండవు.

ఇంత రాసినవాళ్లు పుట్టిన చోటు దగ్గర మాత్రం కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు రాసి వదిలేశారు. కౌంటీ కార్క్, అయిపోయింది. అంటే మనకి ఏది కావాలో సరిగ్గా అదే లేదు. ఇల్లు ఉన్న టౌన్‌ల్యాండ్ మాత్రం ఫారం పైన ఉంటుంది, కాబట్టి అమెరికా వెళ్లిన మనిషి అన్నో తమ్ముడో ఇంకా అదే ఇంట్లో ఉంటే మన పంట పండినట్టే.

టౌన్‌ల్యాండ్ అంటే మన ఊరు అనుకోవద్దు, ఊరికన్నా చిన్నది. దేశం మొత్తం మీద అరవై వేలకి పైగా ఉన్నాయి, కొన్నిట్లో నాలుగిళ్లు, కొన్నిట్లో ఒక్క ఇల్లూ లేదు. మనకి పల్లి, పాలెం, గూడెం ఎలాగో వాళ్లకి బాలీ, కిల్, నాక్ అలాగ. బాలీ అంటే ఊరు, కిల్ అంటే ఎక్కువగా చర్చి, నాక్ అంటే గుట్ట. మన కొత్తపల్లి ఎన్ని జిల్లాల్లో ఉందో వాళ్ల టౌన్‌ల్యాండ్ పేర్లూ అలాగే రిపీట్ అవుతాయి. పైగా ఒకే చోటు ఒకేసారి నాలుగైదు లెక్కల్లో ఉంటుంది: ప్రభుత్వం దృష్టిలో సివిల్ పారిష్ (పారిష్ అంటే మొదట్లో ఒక చర్చి కిందికి వచ్చే పరిధి), కాథలిక్కుల దృష్టిలో వేరే పారిష్, పేదల సహాయానికి పూర్ లా యూనియన్, ఇంకా బారనీ అని ఒకటి. సివిల్ పారిష్ హద్దులూ కాథలిక్ పారిష్ హద్దులూ కలవవు. మా బోస్టన్ మిత్రుడు రెండు వారాలు తప్పు పారిష్ రిజిస్టర్ తిరగేసింది ఈ లెక్క తెలియకే.

వయసుల సంగతి చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. 1901లో యాభై ఆరు అని రాయించుకున్న మనిషి 1911లో డెబ్భై రెండు అని రాయించుకుంటాడు. ఒకరిద్దరు కాదు, బోలెడంత మంది. మొదట్లో వేరే మనిషేమో అని పక్కన పెట్టేశాం కూడా. అసలు కథేంటంటే 1908లో వృద్ధాప్య పెన్షన్ చట్టం వచ్చింది, 1909 జనవరి నుంచి 70 నిండినవాళ్లకి వారానికి అయిదు షిల్లింగుల దాకా ఇచ్చారు. అందరి జననాలూ రిజిస్టర్ చేయడం మొదలైంది 1864లో, కాబట్టి 70 ఏళ్ల వాళ్లెవరికీ బర్త్ సర్టిఫికెట్ లేదు. ఇంక చూడండి, రాత్రికి రాత్రి దేశం మొత్తం ముసలిదైపోయింది. ఆధార్‌లో పుట్టినతేదీ జనవరి 1 అని ఉన్న తాతలు మన దగ్గర ఎంతమందో తెలిసినవాళ్లకి ఇది వింతగా ఏమీ అనిపించదు.

దీనివల్ల ఒక మేలు జరిగింది. వయసు రుజువు కావాలంటే 1841, 1851 సెన్సస్‌లో మీ పేరు వెతికిస్తాం అంది ప్రభుత్వం. అప్లికేషన్‌లో తల్లిదండ్రుల పేర్లు, అప్పటి టౌన్‌ల్యాండ్ రాయాలి, డబ్లిన్‌లో గుమాస్తా సెన్సస్ పుస్తకం తీసి చూసి కుటుంబంలో ఎవరెవరున్నారో కొన్నిసార్లు ఫారం మీదే రాసేవాడు. తర్వాత సెన్సస్ కాలిపోయింది, ఆ ఫారాలు మిగిలాయి. పెన్షన్ కోసం ముసలావిడ పెట్టుకున్న అర్జీలో 1851 నాటి ఇల్లు మొత్తం దొరుకుతుందన్నమాట. నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లోనే ఉన్నాయి ఇవి కూడా, చాలామంది అటు చూడనే చూడరు.

జనన, మరణ, వివాహ రిజిస్ట్రేషన్ 1864 జనవరి 1 నుంచి అందరికీ, కాథలిక్కులు కాని వాళ్ల పెళ్లిళ్లకైతే 1845 నుంచే. ఐరిష్‌జీనియాలజీ డాట్ ఐఈ సైట్‌లో ఫ్రీగా చూడొచ్చు, కాకపోతే జననాలు వందేళ్లు, పెళ్లిళ్లు 75 ఏళ్లు, మరణాలు 50 ఏళ్లు దాటితేనే పెడతారు. ఆలస్యంగా చెప్తే జరిమానా ఉండేది కాబట్టి పుట్టినరోజుని కాస్త తర్వాతి తేదీకి జరిపి చెప్పేవాళ్లు, అందుకే అప్పుడప్పుడు బిడ్డ పుట్టడానికి వారం ముందే జ్ఞానస్నానం అయిపోయినట్టు కనపడుతుంది. అలా తేడా వస్తే ఫాదర్ రాసిన తేదీనే నమ్మండి, ఆయనకి జరిమానా భయం లేదు.

1864 కన్నా ముందుకి వెళ్లాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. కాథలిక్ రిజిస్టర్ల మైక్రోఫిల్మ్‌లు దాదాపు 1880 దాకా నేషనల్ లైబ్రరీ 2015 జులైలో నెట్‌లో ఫ్రీగా పెట్టింది, వెయ్యికి పైగా పారిష్‌లవి. అక్కడ పేరు కొట్టి వెతికే సదుపాయం లేదు, పేజీలు తిప్పుకోవాల్సిందే (ఇండెక్సులు వేరే సైట్లలో ఉన్నాయి, కౌంటీ హెరిటేజ్ సెంటర్లు డబ్బులు తీసుకుని చూపిస్తాయి). పట్నాల్లో రిజిస్టర్లు ముందుగా మొదలయ్యాయి, పల్లెల్లో ఎక్కువగా 1820ల తర్వాతే, పడమటి వైపు పేద పారిష్‌లలో ఇంకా ఆలస్యం. పీనల్ లాస్ పేరుతో కాథలిక్కుల్ని అణిచిపెట్టిన కాలం నుంచి అప్పుడప్పుడే బయటపడుతున్నారు, చర్చి కట్టుకోడానికే దిక్కులేనప్పుడు రిజిస్టర్ ఎవరు రాస్తారు. సమాధుల రికార్డులైతే కాథలిక్కుల్లో చాలా తక్కువ.

ఒక ఎంట్రీ ఎలా ఉంటుందో చూపిస్తా. సిరా వెలిసిపోయి, పక్క పేజీ మరక ఇటు అంటి, లాటిన్‌లో: బాప్ట్. జాకోబమ్, ఫిల్. లెజ్. జెరెమియే సల్లివన్ ఎట్ హొనోరే క్రౌలీ. స్పాన్సర్లు పాట్రిసియస్ క్రౌలీ, బ్రిజిడా సల్లివన్. పక్కన టౌన్‌ల్యాండ్ పేరు, ఫాదర్ మంచి మూడ్‌లో ఉంటే. దీన్ని విప్పితే జేమ్స్ అనే పిల్లాడు, పెళ్లయిన దంపతులకి పుట్టినవాడు, తండ్రి జెరెమయా, తల్లి హొనోరా, అంటే ఇంట్లో నోరా అని పిలుస్తారు. తల్లి పుట్టింటి పేరు రాయడం కాథలిక్ రిజిస్టర్లు మనకి చేసిన మహోపకారం, సల్లివన్లు వందమంది ఉన్నా సల్లివన్-క్రౌలీ జంటలు కొన్నే ఉంటాయి. ఇంక స్పాన్సర్లంటే జ్ఞానస్నాన తల్లిదండ్రులు, దారిన పోయేవాళ్లు కాదు, ఎక్కువసార్లు ఇటు మేనమామో అటు మేనత్తో. పిల్లాడి పేరు మీద కన్నా స్పాన్సర్ల పేర్ల మీద ఎక్కువ దృష్టి పెట్టండి, చిక్కు విడేది అక్కడే.

లాటిన్ ముసుగు తీశాక కూడా పేర్లు కుదురుగా ఉండవు. డెర్మట్, డార్బీ, జెరెమయా ఒక్కడే అయ్యుండొచ్చు, అసలు ఐరిష్ పేరు డీర్మిడ్. టిమొతీ అంటే థేడీ, అసలుది తైగ్. బ్రిడ్జెట్ అమెరికా వెళ్లి డీలియా అవుతుంది. ఇంటిపేర్లలో ఓ, మాక్ అనేవి ఇంగ్లీషు పెత్తనంలో ఊడిపోయాయి, 1890ల తర్వాత గేలిక్ (ఐరిష్ భాషా సంస్కృతుల) అభిమానం పెరిగాక మళ్లీ చాలామంది తగిలించుకున్నారు, కాబట్టి తాత సల్లివన్, మనవడు ఓ'సల్లివన్. కొందరు ఏకంగా అనువాదం చేసేసుకున్నారు, మెక్‌గవన్ అంటే కమ్మరి కొడుకు అని అర్థం, అందుకని స్మిత్ అయిపోయారు.

పేర్లు పెట్టే పద్ధతి మనవాళ్లదానికి చాలా దగ్గర. పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు. అందరూ ఖచ్చితంగా పాటించారని కాదు గానీ చాలా కుటుంబాల్లో కనపడుతుంది. ఫలితం తెలిసిందే కదా, తాత జేమ్స్ అయితే నలుగురు కొడుకుల ఇళ్లల్లో నలుగురు జేమ్స్‌లు, అందరూ ఒకే పారిష్, ఇంచుమించు ఒకే వయసు. ఐర్లాండ్ నైరుతి మూల బేరా ద్వీపకల్పం వైపు సల్లివన్లు మరీ ఎక్కువై, ఒక్కో శాఖకి ఒక్కో అడ్డపేరు పెట్టుకున్నారు, మనకి ఒకే ఊళ్లో రెండు కుటుంబాలకి ఒకే ఇంటిపేరు ఉంటే పెద్దింటి వాళ్లు, బావి దగ్గర వాళ్లు అంటాం చూడండి, అలాగ.

చర్చ్ ఆఫ్ ఐర్లాండ్, అంటే ఆంగ్లికన్ ప్రొటెస్టెంట్ల సంగతి వేరు. 1871 దాకా అది ప్రభుత్వ మతం, ఆ తర్వాత వాటి పాత రిజిస్టర్లని పబ్లిక్ రికార్డులన్నారు, సుమారు వెయ్యి పారిష్‌ల రిజిస్టర్లు భద్రత కోసం డబ్లిన్ పంపారు, భద్రంగా కాలిపోయాయి. చర్చి దగ్గరే ఉంచుకున్నవాళ్లవి బతికాయి. ఒబామా అమ్మ తరఫు పూర్వీకుడు ఫాల్మత్ కర్నీ, చెప్పులు కుట్టే ఆయన కొడుకు, 1850లో ఆఫలీ కౌంటీలోని మనీగాల్ నుంచి అమెరికా వెళ్లాడు. 2007లో అక్కడి రెక్టర్ (చర్చి ఫాదర్) స్టీఫెన్ నీల్ చర్చి పాత రిజిస్టర్లు తీసి చూస్తే కర్నీ కుటుంబం దొరికింది. 2011లో ఒబామా ఆ ఊరొచ్చి పబ్‌లో గిన్నిస్ తాగి వెళ్లాడు. ఆ రిజిస్టర్ కూడా డబ్లిన్ చేరి ఉంటే అదేం ఉండేది కాదు.

సెన్సస్ లేని కాలానికి ఇంకో దారి పొలం కాగితాలు. రిచర్డ్ గ్రిఫిత్ 1847 నుంచి 1864 వరకు దేశంలో ఉన్న ప్రతి పొలానికీ ఇంటికీ విలువ కట్టించాడు, శిస్తు కోసం. ఎవరు సాగులో ఉన్నారు, ఎవరి దగ్గర కౌలుకి తీసుకున్నారు, ఎంత నేల, మ్యాపులో ఏ నంబరు, అన్నీ ఉంటాయి, అడంగల్ చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఒకే పేరువాళ్లు ఇద్దరుంటే పక్కన బ్రాకెట్‌లో తండ్రి పేరో, ఎర్రజుట్టు అనో రాశారు. అంతకుముందు 1823 నుంచి 1837 మధ్య టైద్ పుస్తకాలు, అంటే కాథలిక్కులు కూడా పరాయి చర్చికి కట్టాల్సొచ్చిన పన్ను లెక్కలు. రెండిట్లోనూ ఇంటి పెద్ద పేరే ఉంటుంది, భార్యాపిల్లలు కనపడరు. టైద్ పుస్తకాల్లో అయితే భూమి లేని కూలివాళ్లు అసలే లేరు. ఈ రెండిటికీ మధ్యలోనే 1840ల ఆలుగడ్డల కరువు వచ్చింది. 1841లో 81 లక్షలకు పైగా ఉన్న జనాభా 1851కి 65 లక్షలయింది, సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కారు. టైద్ పుస్తకంలో ఉన్న పేరు గ్రిఫిత్‌లో లేదంటే ఆ ఖాళీలో ఏదో ఒకటి జరిగిందన్నమాట.

గ్రిఫిత్ తర్వాత వాల్యుయేషన్ ఆఫీసు వాళ్లు ఆ లెక్కల్ని సరిచేస్తూ పోయారు, పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తూ, ఒక్కోసారి ఒక్కో రంగు సిరాతో. జాన్ కొట్టేసి మేరీ వచ్చిందంటే జాన్ పోయాడు, మేరీ కొట్టేసి పాట్రిక్ వచ్చాడంటే కొడుకు చేతికొచ్చింది. వాటిని క్యాన్సిల్డ్ బుక్స్ అంటారు. 1850ల పొలం నుంచి ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ల దాకా తీసుకొచ్చేది అవే.

ఇదంతా సరే, ఊరు తెలియకపోతే వీటిలో ఏదీ పనికిరాదు, ఆ ఊరు మాత్రం ఎక్కువసార్లు దొరికేది సముద్రానికి అవతల. బోస్టన్ పైలట్ అనే పత్రిక 1831 నుంచి 1921 దాకా తప్పిపోయినవాళ్ల కోసం ప్రకటనలు వేసింది, ఫలానా పారిష్ ఫలానా టౌన్‌ల్యాండ్ నుంచి వచ్చిన మా తమ్ముడు ఎక్కడున్నాడో చెప్పండి అని. న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్ల కోసం 1850లో పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు, ఖాతా తెరిచేటప్పుడు తల్లిదండ్రులెవరు, ఏ ఊరు, ఏ ఓడలో వచ్చావు అని అడిగి రాసుకునేది, రేపు డబ్బు తీసుకోడానికి వచ్చింది అసలు మనిషేనా అని తేల్చుకోడానికి. ఇప్పటి సెక్యూరిటీ క్వశ్చన్లే, కాకపోతే జవాబులు నూట డెబ్భై ఏళ్లుగా చెక్కుచెదరలేదు.

పేరు ఒక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఆనీ మూర్ కథ చాలు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం తెరిస్తే అందులోంచి మొదట అడుగుపెట్టిన కార్క్ అమ్మాయి, వయసు 17, వెంట ఇద్దరు తమ్ముళ్లు. కార్క్ దగ్గర కోవ్ రేవులో, ఎల్లిస్ ఐలాండ్‌లో ఆవిడ విగ్రహాలు కూడా ఉన్నాయి. ఆవిడ టెక్సాస్ వెళ్లి స్థిరపడిందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు, ఆ కుటుంబాన్ని పిలిచి సన్మానాలూ చేశారు. 2006లో మెగన్ స్మోలెన్యాక్ అనే వంశవృక్ష పరిశోధకురాలు కాగితాలు తిరగేస్తే తేలిందేంటంటే ఆ టెక్సాస్ ఆనీ పుట్టిందే ఇల్లినాయ్‌లో. అసలు ఆనీ న్యూయార్క్ దాటి ఎక్కడికీ పోలేదు, లోయర్ ఈస్ట్ సైడ్‌లో కాపురం చేసి అక్కడే పోయింది, సమాధి మీద రాయి కూడా లేదు, 2008లో పెట్టారు. విగ్రహం పెట్టిన మనిషి విషయంలోనే ఇలా జరిగితే మా జేమ్స్ సల్లివన్ ఎంత.

మనవైపు ఒక చిన్న లంకె ఉంది. 1911 ఫారాల్లో అప్పుడప్పుడు పుట్టినచోటు దగ్గర ఇండియా అని కనపడుతుంది, సైన్యంలో పనిచేసినవాళ్ల పిల్లలు. 1922 దాకా ఉన్న రాయల్ డబ్లిన్ ఫ్యుజిలియర్స్ అనే దళం పేరులో డబ్లిన్ ఉంది గానీ దాని మూలాల్లో ఒకటి ఈస్టిండియా కంపెనీ వారి మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్, 1881లో ఈ పేరు పెట్టారు. 1758లో పిఠాపురం దగ్గర జరిగిన చందుర్తి యుద్ధం వాళ్ల యుద్ధ గౌరవాల జాబితాలో ఉండేది, కొండోర్ అని. మద్రాస్ ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధుల కాపీలు లండన్ వెళ్లేవి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఎన్/2 వరసలో ఉన్నాయి. కాబట్టి కంపెనీ సైనికుడి ఆనవాళ్లు ఇక్కడ పారిష్‌లో ఆగిపోతే సికింద్రాబాదులో మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది.

మా బోస్టన్ మిత్రుడికి చివరికి దారి చూపించింది జేమ్స్ కాదు, జేమ్స్ చెల్లెలు. ఆవిడ పెళ్లి బోస్టన్ కాథలిక్ చర్చిలో జరిగింది, అక్కడి ఫాదర్ పుట్టిన పారిష్ పేరు కూడా రాసిపెట్టాడు, బేరా వైపు. ఆ పారిష్ రిజిస్టర్లో జాన్ సల్లివన్ కొడుకు జేమ్స్ కోసం చూస్తే ఒకే ఏడాదిలో ఇద్దరు దొరికారు, ఇద్దరి తండ్రులూ జానే. ఒకరి తల్లి షీయా, ఒకరి తల్లి హారింగ్టన్. చెల్లెలి పెళ్లి రిజిస్టర్లో తల్లి ఇంటిపేరు రాసిన చోట సిరా ఒలికింది. ప్రస్తుతానికి రెండు ప్రింటవుట్లూ అతని మానిటర్ పక్కన అంటించి ఉన్నాయి, స్పాన్సర్ల పేర్ల కింద ఎర్ర పెన్‌తో గీతలు గీసి, ఆ నలుగురిలో ఎవరైనా బోస్టన్ వచ్చారేమో అని రోజూ రాత్రి ఓడల లిస్టులు తిరగేస్తున్నాడు.